చెత్త చేపకు ధర, వల కన్నుకు లెక్క

దాణా సరుకుల వర్తకులు తెలుసుకోదగిన సముద్రపు సంగతులు

రొళ్ల: ఈ ఊరి నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రం చేరడానికి రెండు వందల యాభై కిలోమీటర్లకు తక్కువ పడదు. పడమరగా పోతే మంగుళూరు తీరం, తూర్పుగా పోతే నెల్లూరు, చెన్నై తీరాలు. మడకశిర, హిందూపురం ప్రాంతపు వర్తకుని నోట ప్రతి దినం వినవచ్చే సరుకులు వేరుశనగ, చింతపండు, వక్క, పట్టుగూళ్లు. సముద్రపు చేప ఇక్కడి బేరాలలోకి రాదు. అయినప్పటికీ ఈ ప్రాంతపు సరుకులు రెండు, ఒకటి వేరుశనగ చెక్క, రెండవది పట్టు రీలింగులో మిగిలే ప్యూపా, సముద్రం నుంచి వచ్చే చెత్త చేపతో ఒకే సంచిలో కలుస్తాయి. ఆ సంచి దాణా సంచి. దాణా కలిపేవారికి సరుకు ఏ ఊరిదన్న పట్టింపు లేదు. మాంసకృత్తుల శాతం ఎంత, టన్ను ఎంతకు పడుతుంది అన్న రెండు ప్రశ్నలతోనే వారు బేరం సాగిస్తారు. అందువలన విశాఖపట్నం, మంగుళూరు రేవులలో చెత్త చేప ఎలా వస్తున్నది, ఎందుకు వస్తున్నది, ఇక ముందు వస్తుందా అన్న విషయం హిందూపురంలో చెక్క అమ్మేవారికి కూడా సంబంధించినదే.

ముందుగా రెండు మాటలు విడదీసి చూడాలి. రొయ్య కోసం వల వేస్తే రొయ్య ఒక్కటే పడదు. గులివిందలు, కారలు, గొరకలు, సావళ్లు, పీతలు, పెద్ద చేపల పిల్లలు, అప్పుడప్పుడు తాబేళ్లు కూడా పడతాయి. ఇలా కోరకుండా వలలో పడినదంతా కోరని పట్టు. ఇంగ్లీషులో దీనిని బైక్యాచ్ అంటారు. అందులో ఒడ్డుకు తేకుండా తిరిగి సముద్రంలోకి విసిరివేసేది పారవేత. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వలన పత్రికలలోనూ ప్రభుత్వ ప్రకటనలలోనూ చాలా గందరగోళం ఏర్పడుతోంది. పారవేత తగ్గినంత మాత్రాన కోరని పట్టు తగ్గినట్లు కాదు. ఒకటి తగ్గుతుండగా రెండవది పెరగవచ్చు కూడా. మన దేశంలో చాలావరకు జరిగినది అదే.

వేరుశనగ వ్యాపారం తెలిసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. కాయ ఒలిచే మిల్లులో గట్టి గింజ ఒక పక్కకు, బద్దలు ఒక పక్కకు, పుచ్చు ఒక పక్కకు పోతాయి. బద్దలు కొనేవాడు లేకపోతే అవి వృథా. నూనె మిల్లు వచ్చి కొంటే వాటికీ ధర. అంతవరకు పోలిక సరిపోతుంది. అయితే సముద్రంలో ఈ రెండవ రకం సరుకులో పెద్ద భాగం చేప పిల్లలు. అంటే వచ్చే ఏటి విత్తనం. విత్తన కాయను కూడా మిల్లుకు పోసే రైతును ఎవరూ మెచ్చుకోరు. కాని సముద్రంలో ఆ విత్తనానికి యజమాని ఎవరూ లేరు.

ప్రపంచ లెక్క

ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ విషయంపై మూడు పర్యాయాలు ప్రపంచవ్యాప్తంగా అంచనాలు ప్రకటించింది. 1994లో వెలువడిన అంచనా ప్రకారం ఏటా పారవేత 2 కోట్ల 70 లక్షల టన్నులు. 2005లో వేరొక పద్ధతిలో లెక్క కట్టగా అది 73 లక్షల టన్నులుగా తేలింది. 2019లో వెలువడిన నివేదిక 2010-14 సంవత్సరాల సగటును 91 లక్షల టన్నులుగా పేర్కొంది. ఇది సముద్రంలో పట్టిన మొత్తం చేపలో దాదాపు 11 శాతం. ఇందులో సుమారు సగం అడుగు ట్రాలింగు వలనే, అంటే సముద్రపు నేలను ఊడ్చుకుంటూ పోయే వలల వలనే సంభవిస్తున్నది.

మొదటి అంకెకు, తరువాతి అంకెలకు మధ్య గల వ్యత్యాసమంతా నిజమైన తగ్గుదల అనుకోరాదు. లెక్క కట్టే పద్ధతి మారింది. కాని ఒక నిజమైన కారణం కూడా ఉన్నది. ఆసియా దేశాలలో ఒకప్పుడు విసిరివేసిన చేపను తరువాతి కాలంలో ఒడ్డుకు తెచ్చి అమ్మడం మొదలైంది. యూరప్‌లో చట్టం చేసి సాధించదలచిన పనిని ఇక్కడ బజారు చేసింది. నార్వే 1987లో కాడ్, హాడక్ చేపలను పారవేయరాదని నిషేధం విధించింది. యూరప్ కూటమి 2015 నుంచి 2019 వరకు దశలవారీగా, కోటా ఉన్న చేపలను పడినదంతా ఒడ్డుకు తేవాలన్న నిబంధనను అమలులోకి తెచ్చింది. మన తీరంలో అటువంటి చట్టం లేకుండానే చెత్త చేప ఒడ్డుకు వచ్చింది. కారణం దానికి ధర రావడమే.

విశాఖపట్నం అనుభవం

ఆంధ్ర తీరంలో ఈ కథ చక్కగా కనిపించే రేవు విశాఖపట్నం. 1970లలో, 1980లలో ఇక్కడి నుంచి పెద్ద ట్రాలర్లు ఉత్తరంగా ఒరిస్సా, బెంగాలు తీరాల ఎదుట శాండ్‌హెడ్స్ అనే మేట ప్రాంతానికి రొయ్యల కోసం పోయేవి. రెండు పక్కలా బారలు చాపి ఒకేసారి రెండు వలలు లాగే ఓడలవి. ఓడలోనే రొయ్యను గడ్డకట్టించే యంత్రాలు ఉండేవి. ఆ శీతల గదిలో చోటు రొయ్యకే. మిగిలిన చేపలో మేలు రకం కొంత ఉంచుకుని పెద్ద భాగాన్ని సముద్రం పాలు చేసేవారు. ఎగుమతి రొయ్యకు పలికే ధర ముందు ఆ చేప ధర లెక్కలోకి వచ్చేది కాదు.

చిన్న మరపడవల సంగతి కొంత వేరు. సోనా పడవలని పిలిచే రకం మంచు గదులతో దినాల తరబడి సముద్రంలో ఉండిపోతుంది. ఇవి మొదటి దినాలలో పడిన చెత్త చేపను పారవేసి, తిరుగు ప్రయాణానికి ముందు ఒకటి రెండు దినాలలో పడినదానిని మాత్రం ఒడ్డుకు తేవడం పరిపాటి. మంచు గదిలో మిగిలిన చోటును నింపుకోవడమే వారి ఉద్దేశం.

ఎందుకిలా చేస్తారో ఒక లెక్కతో చూడవచ్చు. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవే గాని బజారు ధరలు కావు. ఒక పడవ గదిలో, మంచు పోను, 5 టన్నుల చేప పడుతుందనుకుందాం. వేట చోటుకు పోను రెండు దినాలు, రాను రెండు దినాలు. దినానికి వలలో పడేది 1 టన్ను. అందులో 100 కిలోలు రొయ్య, 300 కిలోలు మంచి చేప, 600 కిలోలు చెత్త చేప. రొయ్య కిలో 400 రూపాయలు, మంచి చేప 100, చెత్త చేప 15 అనుకుందాం.

పడినదంతా దాచుకుంటే 5 దినాలకే గది నిండుతుంది. రాబడి రొయ్యకు 2 లక్షలు, మంచి చేపకు 1 లక్షా 50 వేలు, చెత్తకు 45 వేలు, వెరసి 3 లక్షల 95 వేలు. రాకపోకలతో కలిపి 9 దినాలు. అంటే దినానికి సుమారు 43,900 రూపాయలు. చెత్తను పారవేస్తూ 10 దినాలు వేట సాగించి, గదిలో మిగిలిన 1 టన్ను చోటును మాత్రం చివరి చెత్తతో నింపితే రాబడి రొయ్యకు 4 లక్షలు, చేపకు 3 లక్షలు, చెత్తకు 15 వేలు, వెరసి 7 లక్షల 15 వేలు. రాకపోకలతో 14 దినాలు. దినానికి సుమారు 51,100 రూపాయలు. పారవేసినవాడే లాభపడ్డాడు.

ఇప్పుడు చెత్త ధర కిలో 45 రూపాయలకు పెరిగినదనుకుందాం. మొదటి పద్ధతిలో దినసరి రాబడి సుమారు 53,900, రెండవ పద్ధతిలో 53,200. లెక్క తిరగబడింది. ఈ మధ్యలో చట్టమేదీ రాలేదు, ఎవరి మనసూ మారలేదు. గదిలో చోటుకు గల విలువ, చెత్తకు గల విలువ, ఈ రెండే పారవేతను నిర్ణయించాయి. మంచు, డీజిలు ఖర్చులు కూడా వేస్తే అంకెలు అటూ ఇటూ జరుగుతాయి గాని లెక్క స్వరూపం మారదు.

పారవేతను తగ్గించే వసతులన్నీ ఈ లెక్కలోనే ఎక్కడో ఒకచోట తగులుతాయి. రేవులో మంచు ఫ్యాక్టరీ ఉంటే గదిలో చేప నిలుస్తుంది. వేడి చొరని పెట్టెలు ఉంటే మంచు తక్కువ పడుతుంది, చోటు మిగులుతుంది. నడిసంద్రంలో చేపను అందుకుని ఒడ్డుకు చేర్చే తోడు పడవలు ఉంటే పెద్ద పడవకు రాకపోకల దినాలు మిగులుతాయి. సిమెంటు గచ్చులు, ఆరబెట్టే పందిళ్లు ఉంటే ఇసుక అంటని ఎండుచేప తయారవుతుంది, దానికి రెండు రూపాయలు ఎక్కువ వస్తాయి. ఆంధ్ర తీరంలో జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నం, ఉప్పాడల వద్ద చేపట్టిన కొత్త రేవుల పథకాలను ఈ దృష్టితో కూడా చూడవలసి ఉంటుంది. రేవు అనగానే అందరి చూపూ పడవలు కట్టే గట్టు మీదకు పోతుంది. సరుకు దిగిన తరువాత మొదటి ఆరు గంటలలో దానికి ఏమి జరుగుతుందన్నది ధరను నిర్ణయించే విషయం.

పిండి మిల్లుల రాక

చెత్త చేపకు ధర తెచ్చినది ప్రధానంగా కోళ్ల పరిశ్రమ. తరువాత చేపల, రొయ్యల పెంపకం. విశాఖ రేవులో ఎండబెట్టిన చెత్త చేప కోళ్ల దాణాకు పోవడం చాలా కాలంగా ఉన్నదే. కర్ణాటక తీరంలో చేపల పిండి, నూనె మిల్లులు వెలిసి మొదట కవ్వళ్ల మీద ఆధారపడ్డాయి. కవ్వళ్లు ఒక ఏడు విరివిగా పడి మరొక ఏడు కనుమరుగయ్యే చేపలు. మిల్లు యంత్రానికి ఆ తేడా అక్కరలేదు, ప్రతి దినం సరుకు కావాలి. కవ్వళ్లు తగ్గినప్పుడు ట్రాలర్ల చెత్త చేప ఆ లోటు తీర్చింది. పచ్చి చేప నాలుగైదు కిలోలకు ఒక కిలో పిండి వస్తుందన్నది ఈ పరిశ్రమలో సాధారణంగా వేసుకునే లెక్క. ఒక లారీ పిండి వెనుక నాలుగైదు లారీల పచ్చి చేప ఉన్నదన్నమాట.

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు మంగుళూరు రేవులో జరిపిన పరిశీలనలో, 2008 తరువాత కొద్ది సంవత్సరాలలోనే ట్రాలర్లు తెచ్చే సరుకులో చెత్త చేప భాగం బాగా పెరిగినట్లు కనబడింది. అంతకు ముందు సముద్రంలో విసిరివేస్తూ వచ్చినదానిని పడవలు ఒడ్డుకు తేవడం మొదలుపెట్టాయి. కాగితం మీద ఇది శుభవార్త. పారవేత తగ్గింది. కాని ఆ కుప్పలో ఉన్నవాటిలో విలువైన చేపల పిల్లలు చాలా ఉన్నాయి. ఇంతకు ముందు పిల్ల చేప పడితే పడవవానికి చోటు దండుగ, అది పడకుండా ఉంటేనే మేలు. ఇప్పుడది రాబడి. కనుక వల చివరి సంచి కన్నును చిన్నది చేయడానికి కొత్త కారణం దొరికింది. పారవేతను తగ్గించిన వసతే కోరని పట్టును కోరిన పట్టుగా మార్చింది. చేపల విషయంలో ప్రభుత్వాలు ఇచ్చే రాయితీలను గురించి వాదించేవారు ఈ మెలికను తరచుగా మరచిపోతున్నారు.

దాణా సంచిలో పోటీ

మేలు రకం చేపల పిండిలో మాంసకృత్తులు 60 శాతం పైబడి ఉంటాయి. కోడికి అవసరమైన లైసిన్, మెథియోనిన్ అందులో సమృద్ధిగా ఉంటాయి. వేరుశనగ చెక్కలో 40 నుంచి 45 శాతం ఉంటాయి గాని ఈ రెండూ కొరత. పైగా చెమ్మ తగిలిన కాయ నుంచి వచ్చిన చెక్కలో బూజు విషం, అనగా అఫ్లాటాక్సిన్, దాణా మిల్లువారిని వెనుకంజ వేయిస్తుంది. సోయా చెక్క వచ్చిన తరువాత వేరుశనగ చెక్కకు దాణా బజారులో మునుపటి స్థానం లేదన్నది వర్తకులు ఎరిగినదే.

ఎండబెట్టిన చెత్త చేప ఈ రెండింటికీ మధ్యన నిలిచే సరుకు. దాని శాతం చెప్పడం కష్టం, ఎందుకంటే ప్రతి కుప్ప వేరు. ఇసుక మీద ఎండబెట్టినదైతే తూకంలో ఇసుక వస్తుంది. పాడవకుండా ఉప్పు పట్టించినదైతే ఉప్పు వస్తుంది, కోళ్లకు ఆ ఉప్పు హాని చేస్తుంది. పీత పెంకులు ఎక్కువైతే బూడిద శాతం పెరుగుతుంది. యూరియా కలిపి మాంసకృత్తుల శాతాన్ని దొంగగా పెంచే అలవాటు కూడా ఈ వ్యాపారంలో ఉన్నది. ప్రయోగశాలలో నత్రజనిని మాత్రమే కొలిస్తే యూరియా కూడా మాంసకృత్తిగానే లెక్కకు వస్తుంది. కొనేవారు ఇసుక, ఉప్పు, చెమ్మ, యూరియా నాలుగింటికీ విడివిడిగా పరీక్ష అడగడం మేలు. నమూనా సంచి పై నుంచి గాక నడుమ నుంచి, అడుగు నుంచి తీయాలి.

ఇక ప్యూపా. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు పేరు పొందినది. రొళ్ల చుట్టుపట్ల మల్బరీ సాగు ఉన్నది. గూటి నుంచి దారం తీసిన తరువాత మిగిలే ప్యూపాను ఎండబెడితే అందులో సగం వరకు మాంసకృత్తులు, నాలుగవ వంతుకు పైగా నూనె ఉంటాయి. నూనె తీసివేస్తే మాంసకృత్తుల శాతం మేలు రకం చేపల పిండికి దీటుగా వస్తుంది. కోళ్లకు, చేపలకు ఇది మంచి మేత అని పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. అడ్డంకులు రెండు. తడి ప్యూపా కొద్ది గంటలలోనే కుళ్లి వాసన పట్టడం మొదటిది. రీలింగు చిన్న చిన్న కేంద్రాలలో జరగడం వలన ఒకచోట లారీ సరుకు పోగుపడకపోవడం రెండవది. పరిశీలించి చూస్తే విశాఖ రేవులో చెత్త చేపకు ఒకప్పుడు ఉన్న చిక్కులు కూడా ఇవే. ఎండబెట్టే గచ్చు, పోగుచేసే మనిషి, నిలకడగా కొనే మిల్లు దొరికిన నాడు అక్కడ చెత్తకు ధర వచ్చింది. ఈ ప్రాంతంలో ప్యూపాకు అవి పూర్తిగా సమకూరలేదు. తేడా ఒక్కటే. ప్యూపాను ఎంత కొన్నా వచ్చే ఏటి పట్టుగూళ్లు తగ్గవు.

పట్టకుండా ఉండే పరికరాలు

పడినదానిని ఏమి చేయాలన్నది పై కథ. అసలు పడకుండా చూసే పరికరాలు వేరు. వీటిలో మన దేశంలో ఎక్కువ కృషి చేసినది కొచ్చిలో 1957లో స్థాపితమైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ. దీనికి విశాఖపట్నంలోనూ పరిశోధనా కేంద్రం ఉన్నది.

అన్నింటిలోకి చవకైనది చదరపు కన్ను సంచి. సాధారణ వల కన్ను వజ్రం ఆకారంలో ఉంటుంది. బరువు పడి లాగినప్పుడు ఆ కన్ను సాగి మూసుకుపోతుంది. కొలబద్దతో కొలిస్తే పెద్ద కన్నే, నీటిలో మాత్రం చిన్నది. అదే వలను చదరంగా అమర్చితే లాగినా కన్ను తెరుచుకునే ఉంటుంది, పిల్ల చేప జారిపోతుంది. వల మొత్తం మార్చనక్కరలేదు, చివరి సంచి మారిస్తే చాలు. ఇదే సంస్థ పిల్ల చేపలను బయటికి పంపి రొయ్యను వేరుచేసే మరొక పరికరాన్ని రూపొందించగా దానికి 2005లో అంతర్జాతీయ పోటీలో బహుమతి లభించింది.

తాబేళ్ల తప్పింపు పరికరం సంగతి వర్తకులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. వల గొంతులో వాలుగా అమర్చిన కడ్డీల చట్రమది. రొయ్య కడ్డీల మధ్య నుంచి సంచిలోకి పోతుంది. తాబేలు కడ్డీలకు తగిలి, పక్కనున్న ద్వారం గుండా బయటపడుతుంది. ఒరిస్సాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలలో గుంపులుగా గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆంధ్ర తీరం వెంబడి కూడా తిరుగుతాయి. అమెరికా 1989లో చేసిన చట్టంలోని 609వ సెక్షను ప్రకారం, తాబేళ్లకు రక్షణ లేకుండా పట్టిన సముద్రపు రొయ్యను దిగుమతి చేసుకోరాదు. 1996 మే నుంచి దీనిని అన్ని దేశాలకూ వర్తింపజేశారు. ఇండియా, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరులో అప్పీలు సంఘం ఇచ్చిన తీర్పును మన దేశపు విజయంగా చాలామంది భావించారు. తీర్పు జాగ్రత్తగా చదివితే అది సగం విజయమే. అమలు చేసిన తీరు వివక్షతో కూడినదని అప్పీలు సంఘం తప్పుబట్టింది. కాని తాబేళ్ల రక్షణ కోసం దిగుమతిని అడ్డుకునే ఉద్దేశాన్ని తప్పుబట్టలేదు. అమెరికా అమలు తీరును సరిచేసుకుంది, చట్టం నిలిచింది. మన పడవలలో ఈ పరికరం వాడుకలో లేదన్న కారణంగా 2019లో మన దేశపు సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసివేసింది. చెరువులలో పెంచిన రొయ్యకు ఈ నిషేధం వర్తించదు. అమెరికాకు పోయే మన రొయ్యలో అత్యధిక భాగం చెరువు రొయ్యే గనుక గగ్గోలు పెద్దగా పుట్టలేదు. దెబ్బ తగిలినది సముద్రపు రొయ్య మీద బతికే పడవలకు, వారి సరుకు కొనే మిల్లులకు.

ఇక్కడ గమనించవలసిన విషయమేమిటంటే పరికరం ధర స్వల్పం. అది బిగించనందువలన పోయినది ఒక దేశపు బజారు. అయినా పడవ యజమాని ఎందుకు బిగించలేదు? ద్వారం గుండా కొంత రొయ్య, కొన్ని పెద్ద చేపలు కూడా పోతాయని అతని భయం. ఆ నష్టం అతనిది, ఈ దినానిది. బజారు పోవడం వలన వచ్చే నష్టం అందరిదీ, ఎప్పటికో వచ్చేది. తాను ఒక్కడూ బిగించినా పక్క పడవ బిగించకపోతే నిషేధం ఆగదు.

పిల్ల చేప విషయంలోనూ ఇదే చిక్కు. మరొక ఊహా లెక్క. ఒక్కొక్కటి 20 గ్రాములు తూగే 50 పిల్ల చేపలు కలిస్తే ఒక కిలో. చెత్త ధరలో 20 రూపాయలు. వాటిని వదిలితే 12 మాత్రమే బతికి 150 గ్రాములకు పెరిగాయనుకుందాం. 1,800 గ్రాములు. కిలో 100 రూపాయల చొప్పున 180 రూపాయలు. తొమ్మిది రెట్లు. ఇంత లాభసాటి మదుపు వడ్డీ వ్యాపారంలో కూడా దొరకదు. అయితే వదిలినవాని వలలోనే అవి మళ్లీ పడతాయన్న హామీ లేదు. అందుచేతనే వల కన్ను మార్చే పని ఒక్కొక్క పడవకు బోధించడం వలన జరగదు. రేవు మొత్తానికి ఒకే నియమం ఉండాలి, లేదా కొనేవాడు ధరలో తేడా చూపాలి.

నియమం మార్గంలో కేరళ ముందున్నది. 2015లో 14 రకాల చేపలకు, 2017లో 58 రకాలకు కనీస పొడవు నిర్ణయించింది. దానికన్నా చిన్న చేపను పట్టినా అమ్మినా నేరమే. దీనివలన తనిఖీ సముద్రం నుంచి రేవు గట్టుకు మారింది. సముద్రంలో ప్రతి వలనూ చూడడం సాధ్యం కాదు గాని వేలం పాటలో బుట్టను చూడవచ్చు. పొరుగు రాష్ట్రాలలో ఇటువంటి నియమం అమలు కాకపోతే కేరళ పిల్ల చేప లారీ ఎక్కి సరిహద్దు దాటుతుంది. చెక్‌పోస్టు దగ్గర బతికే రొళ్ల వర్తకులకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. ఆంధ్రలో 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉన్నది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 దినాల వేట నిషేధం తూర్పు తీరమంతటా అమలవుతున్నది. 2015కు ముందు ఇది ఇంతకన్నా తక్కువ దినాలే. ఎండుచేప కొనేవారు ఈ తేదీలను దృష్టిలో ఉంచుకుని ముందుగా నిల్వలు చేసుకోవడం వాడుక. నిషేధం ఎత్తివేసిన తొలి వారాలలో వలలలో పిల్ల చేప అధికంగా పడుతుంది. చెత్త ధర మెత్తబడేదీ అప్పుడే.

సేవల విషయానికి వస్తే, 1972లో ఏర్పడిన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ 2007లో నెట్‌ఫిష్ అనే సంఘాన్ని నెలకొల్పి రేవులలో జాలరులకు చదరపు కన్ను వల, మంచు వాడకం, పడవ మీద శుభ్రత గురించి నేర్పిస్తున్నది. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా చేపలు ఎక్కడ చేరే అవకాశం ఉన్నదో తెలియజేస్తుంది. వెతుకులాట, డీజిలు ఆదా అవుతాయి. పిల్ల చేపలు చేరే చోట్లను కూడా ఇదే విధంగా గుర్తించి, ఆ దినాలలో అక్కడ వల వేయవద్దని చెప్పగలిగితే అది మరింత విలువైన సేవ అవుతుంది.

దళారి చేతిలో ఉన్నది

ధర మార్గం సంగతి మిగిలి ఉన్నది. రేవులలో పడవలకు డీజిలుకు, మంచుకు, వలలకు ముందుగా డబ్బు ఇచ్చేది చాలావరకు కమీషను వర్తకులే. ఆ అప్పు ఉన్నంతకాలం సరుకు వారి ద్వారానే అమ్మాలి. ఏ వల కొనాలన్నది పడవ యజమాని నిర్ణయించినా డబ్బు దళారిది. మార్పు తేగల శక్తి ప్రభుత్వ అధికారి కన్నా అతనికే ఎక్కువ ఉన్నది.

రొయ్యను కౌంటు మీద కొంటారు. కిలోకు ఎన్ని తూగుతాయన్నదే ధర. కౌంటు తగ్గిన కొద్దీ ధర పెరుగుతుంది గనుక చిన్న రొయ్య పట్టినవాడు ఆ దినమే శిక్ష అనుభవిస్తాడు. చెత్త చేపను మాత్రం కుప్ప చొప్పున, బుట్ట చొప్పున కొంటారు. అందులో కారలు ఉన్నా, వంజరం పిల్లలు ఉన్నా, చందువ పిల్లలు ఉన్నా ధర ఒక్కటే. ఆ కుప్పను రెండుగా చేసి, ఎదిగినా చిన్నగానే ఉండే రకాలకు ఒక ధర, పెద్ద చేపల పిల్లలకు అంతకు తక్కువ ధర కడితే వల కన్ను మీద దాని ప్రభావం పడుతుంది. ఏరడానికి కూలి అవుతుంది. ఆ కూలి ఎవరు భరిస్తారన్నది అసలు బేరం.

దానికి సమాధానం రొయ్యల దాణా మిల్లుల వైపు నుంచి వచ్చే సూచనలు ఉన్నాయి. ఆంధ్రలో వనామీ రొయ్య పెంపకం 2009 తరువాత విస్తరించింది. ఆ రొయ్య కొనే విదేశీ దుకాణాలు, రొయ్యతో పాటు అది తిన్న దాణాలోని చేపల పిండి ఎక్కడిదో అడగడం మొదలుపెట్టాయి. చేపల పిండికి మెరిన్‌ట్రస్ట్ వంటి ధ్రువపత్రాలు వాడుకలోకి వచ్చాయి. సముద్రపు క్షీరదాలకు హాని కలిగించే వేటపై అమెరికా 2016లో చేసిన దిగుమతి నియమం 2026 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. చెత్త చేప ఏ రేవులో, ఏ వలలో పడినదో కాగితం చూపలేని పిండికి పై తరగతి మిల్లులలో గిరాకీ తగ్గితే అది కోళ్ల దాణా వైపు మళ్లుతుంది. అప్పుడు ధరలో దిగివచ్చి చెక్కతో పోటీ పడుతుంది. ఆ పైన వల కన్ను నియమాలు గట్టిగా అమలైతే అసలు సరుకు రాకే తగ్గుతుంది. మొదటిది జరిగితే హిందూపురం చెక్క వర్తకునికి కొంతకాలం నష్టం, రెండవది జరిగితే చెక్కకూ ప్యూపాకూ గిరాకీ. ఏది ముందు వస్తుందన్నదాన్ని బట్టి నిల్వలు పెట్టాలా, ఎప్పటి సరుకు అప్పుడే వదిలించుకోవాలా అన్నది తేలుతుంది. జూన్ 15 తరువాత విశాఖ, మంగుళూరు రేవుల ఎండుచేప, పిండి ధరలను వారం వారం తెప్పించుకుని చెక్క ధర పక్కన రాసుకునేవారికి ఆ వరుస రెండు మూడు సీజన్లలో కంటికి కనబడుతుంది.